కరీమున్‌కేంటి జబ్బు?

"ఉద్యోగం కావాలా, వద్దా?" రికార్డుల గది గుమ్మంలో నిలబడి గద్దించింది జైతున్‌బీ.

షమా చేతిలో ఫైలు పక్కన పెట్టి గబుక్కున లేచింది. తల్లి లేని తనను పెంచింది ఈ మేనత్తే. ఇంట్లో ఆమె మాటకు తిరుగులేదు. అలాంటి మనిషి మిరప కల్లంలో పని వదిలేసి, అద్దంకి నుంచి ఒంగోలు ఆసుపత్రికి బస్సెక్కి వచ్చిందంటే పిడుగు పడబోతోందనే లెక్క.

"కావాలత్తా. నెల రోజులు నా పని చూసి, రేపట్నించి చేరమన్నారు. మెడికల్ రికార్డుల కోర్సు కూడా వాళ్ళే చదివిస్తారంట."

"సూది వేసేది లేదు, మందిచ్చేది లేదు. రోగుల కాగితాలు సర్దుకోవడం, అదీ ఒక చదువేనా?"

"వట్టి కాగితాలు కాదత్తా. పోయినసారి ఏ మందు పడలేదో డాక్టరుగారికి తెలిసేది వీటివల్లే. ఇప్పుడు కంప్యూటర్లో కూడా ఎక్కిస్తున్నాం."

జైతున్‌బీ బీరువాల వంక చూసింది. ఆ తర్వాత గొంతు తగ్గించింది. ఆమె గొంతు తగ్గించడం షమా ఎన్నడూ చూడలేదు.

"సరే, చేరుదువుగానీ. ఒక్క మాట చెప్పు. మన వీధి కరీమున్ మొన్న ఇక్కడికొచ్చిందంటగా, దానికేంటి జబ్బు?"

షమాకు తెలుసు. ఆ ఫైలు సర్దింది తనే. నోరు విప్పితే ఉద్యోగం చేతిలో ఉన్నట్టే. విప్పకపోతే మళ్ళీ కల్లంలో కూర్చుని మిరపకాయలకు తొడిమలు తీయాలి.

"చెప్పనత్తా."

"నాక్కూడానా? పెంచినదాన్నే!"

"నువ్వడిగినా అంతే, నాన్న అడిగినా అంతే. ఇక్కడ తెలిసింది ఈ గడప దాటకూడదు."

"ఉద్యోగం పోయినా చెప్పవా?"

"పోయినా చెప్పను."

మొండితనంలో అచ్చం అత్త పెంపకమే. అనడమైతే అనేసింది గానీ, షమాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఈ గది తనకెంత ఇష్టమో అప్పుడే తెలిసింది.

జైతున్‌బీ ఆ పిల్ల మొహంలోకి కాసేపు చూసింది. వరండాలో ఎవరూ లేరని చూసుకుని లోపలికొచ్చి, తలుపు దగ్గరగా వేసి, కుర్చీలో కూలబడింది.

"రేపే చేరు," అంది. "ముందు నా పేరు రాసుకుని, ఎవరైనా ఆడ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు. ఊరంతా తెలిసిపోద్దని ఇన్నాళ్ళూ దాచుకున్నా. రొమ్ములో చిన్న గడ్డ ఉందే."