నాలుగో కారణం

ఫోను మోగింది. మధ్యాహ్నం రెండు గంటల మందు గుర్తుచేసే యాప్.

లిఫ్ట్ మెకానిక్ కుర్చీలోంచి లేచాడు. అలవాటుగా గ్లాసులో నీళ్లు పట్టుకుని భార్య గదిలోకి వెళ్లాడు. కాసేపటికి బయటికొచ్చాడు. గ్లాసు నిండుగానే ఉంది.

భోజనాల బల్ల దగ్గర లాప్‌టాప్ తెరుచుకుని కూర్చున్న మేనకోడలు తలెత్తి చూసింది గానీ ఏమీ అడగలేదు. అడిగింది ఫోనే. 'మందు ఎందుకు వేసుకోలేదు?' కింద మూడు కారణాలు: మర్చిపోయారు. నిద్రపోతున్నారు. మందు అయిపోయింది.

"ఏదో ఒకటి నొక్కెయ్ మావయ్యా. దానికేం తెలుస్తుంది?"

"దానికి తెలీదు. నాకు తెలుసుగా." ఆయన ఫోను బోర్లా పెట్టాడు. "మీ అత్తయ్య సంగతి నీకు తెలియందేముంది? మందంటే మొహం తిప్పుకునే మనిషి. ఒక్క మాత్ర మింగించడమంటే తలప్రాణం తోకకొచ్చే పని. అయినా ఆరేళ్లలో ఒక్క పూట కూడా అబద్ధం నొక్కలేదు."

మేనకోడలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ప్రతి ఆదివారం వస్తోంది.

"లిఫ్టులో మూడో అంతస్తుకి బటన్ లేదనుకో," అన్నాడాయన. "నాలుగు నొక్కి మెట్లు దిగి రమ్మంటామా? బటన్ పెడతాం. ఈ యాప్ ఎవరిది? వాళ్లతో మాట్లాడతాను."

"ఎవరిదీ కాదు, అందరిదీ. ఓపెన్ సోర్స్. తప్పు కనబడితే ఎవరైనా బాగుచెయ్యొచ్చు."

"తాళం వెయ్యని లిఫ్ట్ మెషిన్ రూమ్ అన్నమాట."

"తాళం లేదు గానీ కాపలా ఉంది. నువ్వు నీ కాపీలో మార్పు చేసి పంపాలి. వాళ్లు చూసి, బావుంటే కలుపుకుంటారు. ఏం మారుస్తావు?"

ఆయన జేబులోంచి మడత కాగితం తీసిచ్చాడు. ఒక్క లైను. చదివి ఆమె దాన్ని మళ్లీ అదే మడతల్లో మడిచింది.

"నేను చేర్చి పంపించనా?"

"వద్దు. నేర్పు. నా చేత్తో నేనే పెడతాను."

ఖాతా తెరవడానికి ఒక పూట పట్టింది. పాస్‌వర్డ్ మూడుసార్లు మర్చిపోయాడు. గ్రీజు మరకలు వదలని వేళ్లతో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ లైను కొట్టాడు. సరిచూద్దామని నడిపిస్తే యాప్ అసలు తెరుచుకోలేదు.

"పై లైను చివర కామా పెట్టలేదు మావయ్యా."

"ఒక్క కామాకి ఇంత అలకా?"

"నీ లిఫ్టులో ఒక్క స్క్రూ వదిలేస్తే?"

ఆయన నవ్వబోయాడు. కామా వెతికి పెట్టాడు.

మార్పు వెళ్లింది. ఆ వారమంతా రోజుకి మూడుసార్లు ఫోను మోగింది. దానంతటది అలిసి ఊరుకునేదాకా ఆయన దానికెదురుగా కూర్చునేవాడు.

తరువాతి ఆదివారానికి జవాబొచ్చింది. ఎక్కడో ఉన్న కాపలా మనిషి రాసినదాన్ని మేనకోడలు చదివి వినిపించింది. "మొదటి మార్పు పంపినందుకు సంతోషం. కానీ ఈ లైను ఎవరైనా వాడతారంటారా? అవసరం లేదనిపిస్తోంది."

ఆయన కుర్చీ ఆమె పక్కకి జరుపుకున్నాడు.

"రాయమ్మా. 'మా ఇంట్లో రోజుకి మూడుసార్లు మోగుతోంది. మూడుసార్లూ నా దగ్గర జవాబు లేదు.' అంతే రాయి."

ఆమె రాసింది. రాస్తూ రెండుసార్లు కళ్లద్దాలు తుడుచుకుంది.

మర్నాడు రెండే మాటలొచ్చాయి. 'క్షమించండి. కలిపేశాను.'

ఆపై ఆదివారం మార్చిన యాప్ ఫోనులోకి వచ్చింది. రెండింటికి మోగింది. ఇప్పుడు కారణాలు నాలుగు. ఆయన పెట్టింది చివర్లో, మిగతా మూడింటి సైజులోనే, ఎప్పటినుంచో అక్కడే ఉన్నట్టు ఉంది.

వేలు దాని మీదికి వెళ్లి ఆగిపోయింది.

"ఇది నొక్కితే ఇక మోగదు కదూ?"

"మోగదు మావయ్యా."

"ఎప్పటికీ?"

ఆమె ఆయన భుజం మీద చెయ్యి వేసింది. ఆయన కళ్లు గట్టిగా తుడుచుకుని, తన లైనును ఇంకొక్కసారి చదువుకుని, నొక్కాడు.

'మనిషి ఇక లేరు.'