అయిదు నిమిషాలకో సూది

"మా తమ్ముడు మాట్లాడుతూ వచ్చాడు. నీ సూదులకే పిచ్చోడయ్యాడు!" అంటూ పానకాలు ఉదయశ్రీ చెంప పగలగొట్టాడు.

ఆమె వెళ్లి గోడకు కొట్టుకుంది. పత్తికి తెచ్చిన పురుగుమందు తాగిన ఆ తమ్ముడు ఆదెయ్య, ఆసుపత్రి మంచానికి కట్టేసిన చేతులు గుంజుకుంటూ కేకలు పెడుతున్నాడు.

"విరుగుడు ఎక్కితే అలాగే కలవరిస్తారండీ," అంది హౌస్‌సర్జన్ ఉదయశ్రీ, నోట్లో నెత్తురు మింగి. "అయిదు నిమిషాలకోసారి చూసి సూది వెయ్యాలి."

"నేర్చుకోడానికి మావాడే దొరికాడా నీకు? విప్పవే కట్లు!"

పానకాలు సెలైన్ స్టాండు ఎత్తాడు. ఎవరైనా చెయ్యి చేసుకుంటే డ్యూటీ గదిలోకి పోయి గడియ పెట్టుకోమని కాలేజీలో చెప్పారు. గది నాలుగడుగుల్లోనే ఉంది. కానీ తను పోతే ఇతను కట్లు విప్పుతాడు, మనిషి దక్కడు. ఆమె కదలకుండా స్టెతస్కోపు ఆదెయ్య ఛాతీకి ఆనించింది.

స్టాండు ఆమె మీద పడలేదు. పరుగున వచ్చి అడ్డుపడ్డ ప్రొఫెసర్ వేణుగోపాల్ భుజం చీరుకుపోయింది. చొక్కా ఎర్రబడుతున్నా, ఆయన రోజూ వార్డులో పాఠం అడిగినట్టే అడిగాడు.

"ఏం వినపడుతోందమ్మా?"

"ఇంకా గరగరగానే ఉంది సార్."

"కలవరిస్తున్నాడని సూది ఆపేస్తే?"

"ఊపిరాడక పోతాడు సార్."

"అయితే వెయ్యి."

ఆయన ఆమె చెప్పినదాన్ని ఎక్కడా దిద్దలేదు. పానకాలు ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. స్టాండు అవతల పారేసి, తన్నుకుంటున్న తమ్ముడి కాళ్ల మీద బరువంతా మోపాడు.

"కదలకుండా పట్టుకున్నా," అన్నాడు. "వెయ్యి తల్లీ."