వాళ్ళమ్మ పాడిన పెళ్ళిపాట

నాగాయలంక నెట్ సెంటర్లో గాయత్రి హెడ్‌ఫోన్స్ తీసి అమ్మమ్మ చెవులకు పెట్టింది.

"నా గొంతేనే," అంది పెద్దింట్లమ్మ.

"మన ఊరి పూర్ణచంద్రరావు పెట్టుకున్న వెబ్‌సైటు. దివిసీమ పెళ్ళిపాటలట. ఇది వాళ్ళమ్మ పాడిందని రాసుకున్నాడు. చూసినవాళ్ళు రాసే గెస్ట్‌బుక్‌లో నీ పేరు రాసి ఆయన పరువు తీస్తానుండు."

"ఆగవే. ఆవేళ రికార్డు చేసుకుంటానని నన్ను వాళ్ళ గేటు బయట ఎండలో నిలబెట్టి పెళ్ళిపాట పాడమన్నాడు. ఒళ్ళు మండి, మొగుడు పోయినదాన్ని పదోరోజు ముస్తాబు చేస్తూ పాడే పాట పాడాను. పసుపు పూయండి, పూలు పెట్టండి, గాజులు తొడగండి అనేసరికి పెళ్ళనుకున్నాడు."

గాయత్రి తెర మీద కింది వాక్యం చదివింది. "వచ్చేవారం ఆయన షష్టిపూర్తిలో, తాళి కట్టేటప్పుడు మైకులో ఇదే వేస్తారట."

పెద్దింట్లమ్మ హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టింది.

"అయితే నా పేరొద్దు. వాళ్ళమ్మే పాడిందనుకోనీ."