తిరిగొచ్చిన మాట

పత్తి లారీ వేబ్రిడ్జి ఎక్కి నిలబడినా కంప్యూటర్‌లో బరువు పడటం లేదు. వెనక మరో లారీ హారన్ కొడుతోంది. కోవిల్‌పట్టి నుంచి విరుదునగర్‌కి బస్సులో వచ్చిన మెకానిక్ గాంధిమతి, కంప్యూటర్ వెనక తూకం కేబుల్ ఊడదీసి, అది ఉన్న సీరియల్ పోర్టుకి బొటనవేలంత ప్లగ్గు ఒకటి బిగించింది.

"ఇప్పుడు కంప్యూటర్ పంపిన అక్షరాలు దానికే తిరిగి రావాలి. వస్తే పోర్టు మంచిదే, తప్పు కేబుల్‌ది. రాకపోతే కొత్త కంప్యూటర్ కొనాల్సిందే," అని వేబ్రిడ్జి యజమాని రాఘవేంద్రన్‌కి తమిళంలో చెప్పింది.

అతను తల గోక్కుంటుండగా ఫోన్ మోగింది. అమ్మ. తమ ఇంటి తెలుగు ఈ తమిళ బజార్లో ఎవరికి తెలుస్తుందన్న ధీమాతో గొంతు కూడా తగ్గించలేదు.

"రిపేరుకి ఆడపిల్లని పంపినారమ్మా. పిల్ల కళగా ఉండాది. పని మాత్రం రాదు."

గాంధిమతి కీబోర్డు ముందుకు లాక్కుంది.

"టెస్టుకి ఏదో ఒకటి టైపు చెయ్యాలి సార్," అని తమిళంలోనే అని, ఇంగ్లీషు అక్షరాల్లో ఒక వరుస కొట్టింది. అది పోర్టులోంచి వెళ్ళి, ఒక్క అక్షరం పోకుండా తెర మీదికి తిరిగొచ్చింది.

రాఘవేంద్రన్ కూడబలుక్కుని చదివాడు.

పిల్ల కళగా ఉండాది. పని మాత్రం రాదు.

"పని రాకుంటే ఇంకెవరినన్నా పంపమనరా," అంటోంది ఫోన్‌లో అమ్మ.

"పోర్టు బాగుండాది సార్," అంది గాంధిమతి, ఈసారి అచ్చం వాళ్ళింటి తెలుగులో. "తప్పులు రెండుండాయి. ఒకటి కేబుల్లో. ఇంకొకటి మీరనిన రెండో మాటలో. మొదటి మాటలో తప్పేమీ లేదు."