అన్నిటికంటే ఎక్కువ అమ్మిన రోజు

ఇప్పుడు ఏ కొట్టుకైనా యంత్రానిదే పెత్తనం. ఏడాది అమ్మకాలన్నీ జల్లెడపట్టి, అన్నిటికంటే ఎక్కువ అమ్మిన రోజేదో తేల్చి, మళ్లీ ఆ తేదీకి రెట్టింపు సరుకు తెప్పిస్తుంది.

ఆ ఉదయం ముత్యాలమ్మ పూలకొట్టు ముందు లారీడు బంతిదండలు దిగాయి.

"కిందటేడు ఇదే రోజు ఊరంతా మన దగ్గరే కొన్నారమ్మా. అంత అమ్మకం మరే రోజూ లేదు. ఏం పండగమ్మా అది?" అనడిగింది యంత్రం.

ముత్యాలమ్మ ఆ దండలకేసి చూసింది. అంబులెన్సు నడిపి ఎందరినో బతికించిన తన పెనిమిటిని ఊరంతా కలిసి సాగనంపిన రోజది. ఆ రోజు తను కొట్టుకే రాలేదు. అమ్మిందంతా యంత్రమే.

"పండగ కాదే తల్లీ," అని గొణిగి, ఓ దండ తీసి గోడమీద ఆయన ఫోటోకి వేసింది.

"బోణీ అయిందమ్మా!" అంది యంత్రం సంబరంగా.