నాలుగు కంప్యూటర్లకి కాపలా

"నీ పెన్‌డ్రైవే మన కొంప ముంచింది," అన్నాడు ఫొటో స్టూడియో నడిపే అన్న, చెల్లెలితో. నాలుగు కంప్యూటర్లలోనూ ఒక్క పెళ్లి ఫొటో తెరుచుకోవడం లేదు. పొద్దుట్నించీ వచ్చినవాళ్లందరికీ ఆమెనే చూపించాడు. తిట్లన్నీ ఆమే తిన్నది.

కంప్యూటర్లు బాగుచేయడానికొచ్చిన మెకానిక్ తల గోక్కున్నాడు. "వైరస్ మొదట దిగింది మీ కంప్యూటర్‌లో సార్. యాంటీవైరస్ ఆపేసుంది."

"ఆటకి అడ్డొస్తోందని నేనే ఆపేశాన్లే," అన్నాడు అన్న గొంతు తగ్గించి.

చెల్లెలు తలెత్తి, ఇప్పుడైనా తనకేసి చూస్తాడని ఎదురుచూసింది.

ఇంతలో ఓ పెళ్లికూతురి తండ్రి లోపలికొచ్చాడు. "మా ఫొటోలేవయ్యా?"

"ఏం చెప్పమంటారు బాబాయ్, అంతా మా చెల్లెలి నిర్వాకం," అన్నాడు అన్న తడుముకోకుండా.

మెకానిక్ ఇబ్బందిగా కదిలాడు. "నాలుగింటికీ కలిపి చవగ్గా మంచి యాంటీవైరస్ వేయనా సార్?"

"అక్కర్లేదండీ," అంది చెల్లెలు. "మా అన్నయ్యకి నాకంటే చవగ్గా ఏం దొరుకుతుంది?"