అరవై మూడు

“తాగి ఎక్కావా, నిద్రమత్తులో ఎక్కావా? అది చెప్పు చాలు,” ఇంజినీరు బల్ల మీద చరిచాడు.

క్రేన్ ఆపరేటర్ పళ్లు కొరికాడు. “రెండూ కాదు. క్రేన్ చెయ్యి అరవై మూడు డిగ్రీలకి తగ్గకూడదన్నారు. తగ్గించలేదు. క్యాబిన్‌లో తెర మీద అరవై మూడే ఉంది.”

“క్రేన్ మెమరీలో యాభై ఏడు డిగ్రీలని ఉంది. అంత వాల్చి అంత బరువెత్తితే బోల్తా పడక నాట్యం చేస్తుందా?”

విచారణకి వచ్చిన ఆఫీసరమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. గుమ్మం దగ్గర ఆపరేటర్ భార్య నిలబడి ఉంది. ఆ క్రేన్ కింద కాలు నలిగి ఆసుపత్రిలో పడున్నవాడు ఆమె సొంత తమ్ముడు. తప్పు ఆపరేటర్‌దని తేలితే ఉద్యోగం పోతుంది, జైలూ తప్పదు. భార్య అయితే అప్పుడే తీర్పు చెప్పేసింది. మొగుడి మొహం చూడడమే మానేసింది.

“ఆ తెరలో రెండు కొలతలుంటాయి,” అంది ఆఫీసరమ్మ. “ఒకదాంట్లో లంబకోణమంటే తొంభై. రెండోదాంట్లో అదే లంబకోణం వంద. అంకె పెద్దగా కనిపిస్తుంది, చెయ్యి మాత్రం అంత లేవదు. ఆ కొలతలో అరవై మూడంటే డిగ్రీల్లో యాభై ఏడే. ఎవరైనా కొలత మార్చారా?”

“ఎవరు మారుస్తారండీ? ఎప్పుడూ డిగ్రీల్లోనే ఉంటుంది. నేనైతే ఆ రోజు క్యాబిన్ వైపే పోలేదు,” అన్నాడు ఇంజినీరు. “తెర ముక్కలైంది కదాని వీడు నోటికొచ్చింది వాగుతున్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు!”

“విన్నావా?” గుమ్మం దగ్గర్నుంచి భార్య గొంతు లేచింది. “బావ పైనున్నాడుగా, నాకేం భయమని వాడు కింద నిలబడ్డాడు. వాడి కాలు తెచ్చివ్వు!”

ఆపరేటర్‌కి ఏడుపొచ్చినంత పనైంది. ఆమెని ఏమనగలడు? ఆ కసంతా ఇంజినీరు మీదికి మళ్లింది.

“మీకేం తెలుసు సార్ క్రేన్ గురించి? నీడపట్టున నిలబడి చెయ్యూపడమేగా మీ పని! నిచ్చెనెక్కితే మీకు కళ్లు తిరుగుతాయని సైట్ అంతా నవ్వుకుంటోంది. ఆ తెర మీద అంకె పెట్టడం కూడా మీకు చేతకాదు.”

ఇంజినీరు మొహం జేవురించింది. కుర్చీ వెనక్కి తన్ని లేచాడు.

“నోర్ముయ్! ఎవడికిరా చేతకానిది? అరవై మూడు డిగ్రీలు రావాలని పొద్దున నేనే క్యాబిన్ ఎక్కి, సరిగ్గా డెబ్భై మీద పెట్టి దిగాను. దాన్ని కిందికి దించమని నీకెవడు చెప్పాడ్రా?”